బిడ్డ రంగు సరే, నాలుక రంగు చూశారా?

పుట్టిన బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లో మొదట అడిగేవి మూడు ప్రశ్నలు. ఆడా, మగా? ఎవరి పోలిక? రంగు ఎలా వుంది? అచ్చం తల్లి రంగే వచ్చిందని ఒకరంటారు. నాలుగు రోజులు పోనీండి, తండ్రి రంగులోకి దిగుతుందని ఇంకొకరంటారు. చెవి అంచులు పట్టి చూసి జోస్యం చెప్పే పెద్దమ్మగారు ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఈ ముచ్చట్లు తప్పని నేననను. కాని సోదరీమణులారా, బిడ్డ ప్రాణానికి సంబంధించిన రంగు ఒకటి వున్నది. దాన్ని మాత్రం మనం అడగము, చూడము. అది నాలుక రంగు.

పుట్టిన మొదటి ఒకటి రెండు రోజులు బిడ్డ అరచేతులు, అరికాళ్ళు కాస్త నీలంగా కనిపించటం మామూలే. వెచ్చగా చుట్టి పెడితే పోతుంది. దానికి కంగారుపడనక్కరలేదు. కాని నాలుక, చిగుళ్ళు, పెదవుల లోపలి భాగం నీలంగానో, నేరేడుపండు తిన్నట్టుగానో వుంటే అది చలివల్ల వచ్చింది కాదు. ఒంట్లో తిరిగే నెత్తురులో ప్రాణవాయువు తక్కువగా వున్నదన్నమాట. మన పిల్లల్లో చామనచాయవాళ్ళు, నల్లనివాళ్ళు ఎక్కువ. చర్మం చూసి నీలాన్ని పోల్చుకోవటం డాక్టర్లకే కష్టం. నాలుక మాత్రం తెల్లని బిడ్డకూ, నల్లని బిడ్డకూ ఒకటే రంగులో వుంటుంది.

పుట్టిన ప్రతి నూరుమంది పిల్లల్లో ఇంచుమించు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం వుంటుంది. అందులో చాలావరకు చిన్న చిన్న రంధ్రాలు. కొన్ని వాటంతట అవే పూడిపోతాయి. కాని ఆ పిల్లల్లో నలుగురిలో ఒకరికి మాత్రం మొదటి ఏడాదిలోపే ఆపరేషనో, మరో చికిత్సో జరిగి తీరాలి. వాటిలోనూ కొన్ని అరుదైన లోపాలకు ఏడాది గడువు కూడా వుండదు. రోజులు లెక్కపెట్టుకోవాలి. అలాంటి లోపాల్లో ఒకదాన్ని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం. అది అర్థమైతే తక్కినవీ అర్థమవుతాయి.

మన గుండె నాలుగు గదుల ఇల్లు. కుడివైపు పైన ఒక గది, కింద ఒక గది. ఎడమవైపూ అంతే. ఒళ్ళంతా తిరిగి ప్రాణవాయువు ఖర్చుపెట్టుకున్న నెత్తురు కుడివైపుకు చేరుతుంది. కుడి కింది గది దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకుని ఎర్రబడ్డ నెత్తురు ఎడమవైపుకు వస్తుంది. ఎడమ కింది గది దాన్ని మళ్ళీ ఒళ్ళంతటికీ తోస్తుంది. ఊపిరితిత్తులకు పోయే పెద్ద గొట్టాన్ని పుపుస ధమని అనీ, ఒంటికి పోయే పెద్ద గొట్టాన్ని బృహద్ధమని అనీ అంటారు.

మూడు నుంచి అయిదు వేల మంది పిల్లల్లో ఒకరికి ఈ రెండు గొట్టాలూ తారుమారుగా పుడతాయి. కుడి గదికి వుండవలసింది ఎడమ గదికీ, ఎడమ గదికి వుండవలసింది కుడి గదికీ అతుక్కుని వుంటాయి. డాక్టర్లు దీన్ని 'ట్రాన్స్‌పొజిషన్' అంటారు. ఆడపిల్లల్లోకన్నా మగపిల్లల్లో ఇది ఎక్కువ.

ఇందువల్ల ఏమవుతుందంటారా? మన ఇంటి చాకలిపద్దునే తీసుకోండి. మాసిన బట్టలు లాండ్రీకి వెళ్ళాలి, ఉతికినవి ఇంటికి రావాలి. అలా కాకుండా ఉతికిన బట్టలే మళ్ళీ మళ్ళీ లాండ్రీకి పోతూ, మాసినవే మళ్ళీ మళ్ళీ ఒంటిమీదికి వస్తూ వుంటే? సరిగ్గా అదే జరుగుతుంది ఈ బిడ్డకు. ఎర్రని నెత్తురు ఊపిరితిత్తులకూ గుండెకూ మధ్యనే తిరుగుతుంది. నల్లబడ్డ నెత్తురు ఒంటికీ గుండెకూ మధ్యనే తిరుగుతుంది. రెండూ కలవవు. బిడ్డకు ఎంత ఆక్సిజన్ పెట్టినా నాలుక ఎర్రబడకపోవటానికి కారణం ఇదే. ఊపిరితిత్తులు బాగానే పనిచేస్తున్నాయి. అక్కడినుంచి నెత్తురు ఒంటికి వచ్చే దారే లేదు.

మరి ఆ బిడ్డ తొమ్మిది నెలలు కడుపులో ఎలా బతికింది? కడుపులో వున్నప్పుడు ప్రాణవాయువు మాయ ద్వారా తల్లినుంచే అందుతుంది. బిడ్డ ఊపిరితిత్తులకు పని లేదు. అందుకని ప్రకృతి గుండెలో రెండు అడ్డదారులు పెట్టింది. పై గదుల మధ్య గోడలో ఒక కిటికీ, రెండు ధమనుల మధ్య ఒక చిన్న గొట్టం. పుట్టిన తర్వాత కూడా కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఈ అడ్డదారులు తెరిచి వుంటాయి. ఆ దారిన కాస్త ఎర్రని నెత్తురూ, కాస్త నల్లని నెత్తురూ కలిసి బిడ్డ బతుకుతుంది. మామూలు పిల్లల్లో రెండు మూడు రోజుల్లో ఆ చిన్న గొట్టం ముడుచుకుపోతుంది. అది మంచిదే. కాని గొట్టాలు తారుమారైన బిడ్డకు అది ముడుచుకోవటమంటే వున్న ఒక్క దారీ మూసుకుపోవటమే.

మోసమంతా ఇక్కడే వుంది. ఈ పిల్లలు తరచు మంచి బరువుతో పుడతారు. చూడటానికి ముద్దుగా వుంటారు. మామూలు కాన్పయితే ఒకటి రెండు రోజుల్లో ఆస్పత్రినుంచి పంపించేస్తారు కదా! సరిగ్గా ఇంటికి వచ్చాకే ఆ దారి మూసుకోవటం మొదలవుతుంది. బిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆపేస్తుంది. నుదుట చెమట పడుతుంది. ఊపిరి వేగమవుతుంది. చివరకు ఏడవటానికి కూడా ఓపిక లేక నిద్రపోతూ వుంటుంది. 'ఎంత నెమ్మదైన బిడ్డో, రాత్రంతా లేవనే లేదు' అని మనం మురిసిపోతాం. పాలకోసం లేవని పురిటి బిడ్డను చూసి మురిసిపోకూడదు.

గడియారం దగ్గర పెట్టుకుని, బిడ్డ నిద్రలో వున్నప్పుడు ఒక నిమిషంపాటు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతున్నదో లెక్కపెట్టండి. 60కి మించితే, నాలుక నీలంగా వుంటే, పాలు తాగలేకపోతుంటే, కాళ్ళు చల్లబడి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంటే, తెల్లారాక చూద్దామనుకోవద్దు. పసరు పోయటం, వాము పొగ వేయటం, బాలగ్రహమని తాయెత్తు కట్టించటం చేస్తూ కూర్చోవద్దు. నెలల పిల్లలను చూసుకునే ప్రత్యేక వార్డు వున్న ఆస్పత్రికి వెంటనే తీసుకుపోండి. 'పురుడు పోకుండా బిడ్డను గడప దాటించకూడదు' అని ఇంట్లో పెద్దవాళ్ళంటే, మర్యాదగానే చెప్పండి: శుద్ధి ఎప్పుడైనా చేసుకోవచ్చు అత్తయ్యగారూ, ముందు బిడ్డ వుండాలి కదా అని.

ఆస్పత్రిలో గుండెకు స్కాన్ తీసి, అంటే ఎకో చేసి, లోపమేమిటో తేలుస్తారు. వెంటనే చేసేవి రెండు పనులు. ఒకటి, ప్రోస్టాగ్లాండిన్ అనే మందును చుక్కచుక్కగా నరంలోకి ఎక్కించటం. ముడుచుకుపోతున్న ఆ చిన్న గొట్టం దీనితో మళ్ళీ తెరుచుకుంటుంది. 1970ల మధ్యలో ఈ మందు వాడకంలోకి వచ్చాక ఎందరో పిల్లలు ఆపరేషన్ బల్లదాకా ప్రాణాలతో చేరగలిగారు. ఈ మందు ఎక్కుతున్నప్పుడు కొందరు పిల్లలు ఊపిరి తీయటం మరచిపోతారు. కాబట్టి పక్కనే మనిషి కనిపెట్టి వుండాలి.

రెండవది, బెలూను పద్ధతి. 1966లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కిండ్ అనే డాక్టరు దీన్ని కనిపెట్టారు. తొడ దగ్గరి నరంలోంచో, బొడ్డు నరంలోంచో సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపుతారు. పై గదుల మధ్య కిటికీ దాటించి, దాని కొసన వున్న చిన్న బెలూనును ఉబ్బించి, ఒక్క ఊపున వెనక్కు లాగుతారు. కిటికీ పెద్దదవుతుంది, రెండు రకాల నెత్తురూ బాగా కలుస్తుంది. చూస్తుండగానే బిడ్డ రంగు తేలుతుంది. రొమ్ము కోయకుండానే జరిగే పని ఇది. కాని ఇది అసలు చికిత్స కాదు. ఆపరేషన్‌దాకా బిడ్డను నిలబెట్టే ఉపాయం మాత్రమే.

ఇక ఆపరేషన్ మాట. పసిగుండెను బాగుచేయవచ్చునన్న ధైర్యం లోకానికి ఎలా వచ్చిందో మనం తెలుసుకోవాలి. అందులో స్త్రీల పాత్ర చిన్నది కాదు. కెనడాలో మాడ్ ఆబట్ అనే ఆమెను ఆడదన్న కారణంతో మెక్‌గిల్ వైద్య కళాశాలలో చేర్చుకోలేదు. వేరేచోట చదివి డాక్టరైంది. పుట్టుకతో వచ్చే వెయ్యి గుండె లోపాలను పరిశీలించి 1936లో ఒక గొప్ప గ్రంథం వెలువరించింది. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో హెలెన్ టౌసిగ్ అనే డాక్టరు నీలి పిల్లలను చూసేది. ఆమెకు చెవులు సరిగా వినిపించవు. స్టెతస్కోపు బదులు వేళ్ళు ఆనించి గుండె కదలికను పసిగట్టేది. ఊపిరితిత్తులకు నెత్తురు చాలక నీలబడే పిల్లలకు ఇంకొక దారి కల్పించవచ్చునన్న ఆలోచన ఆమెదే. 1944 నవంబరు 29న ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ఆ ఆపరేషన్ చేశాడు. దాన్ని ముందుగా కుక్కలమీద చేసి సాధించిన వివియన్ థామస్ ఒక నల్లజాతి యువకుడు. వైద్యపట్టా లేదు. ఆ రోజు స్టూలు మీద నిలబడి, బ్లేలాక్ భుజం వెనకనుంచి ఎక్కడ ఎలా కుట్టాలో చెప్పాడు. 1976లో అదే సంస్థ ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

అది వేరే లోపానికి చేసిన ఆపరేషన్. గొట్టాలు తారుమారైన గుండె మాత్రం ఇంకా చాలాకాలం లొంగలేదు. గొట్టాలను నరికి తిరిగి సరిగ్గా అతికిస్తే పోలేదా అని మీకు తోచే వుంటుంది. డాక్టర్లకూ తోచింది. చిక్కెక్కడంటే, గుండెకు నెత్తురందించే రెండు సన్నని రక్తనాళాలు బృహద్ధమని మొదట్లోంచే పుడతాయి. గొట్టాన్ని మార్చినప్పుడు వాటినీ పెకలించి కొత్తచోట నాటాలి. పురిటి బిడ్డలో వాటి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఏ కొంచెం మెలిపడినా గుండె ఆగిపోతుంది. అందుకని స్వీడన్‌లో సెన్నింగ్ 1950ల చివర్లోనూ, కెనడాలో మస్టర్డ్ 1963లోనూ వేరే ఉపాయం చేశారు. గొట్టాల జోలికి పోకుండా, పై గదుల్లోనే గోడలు మళ్ళించి నెత్తురు దారిని మార్చారు. ఎందరో పిల్లలు దానితో బతికారు. కాని ఒంటికంతటికీ నెత్తురు తోసే బరువు కుడి గదిమీదే వుండిపోయింది. అది ఆ పనికి పుట్టింది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో అలసిపోయింది.

చివరకు 1975లో బ్రెజిల్ దేశంలో ఆదిబ్ జటెనే అనే సర్జను గొట్టాలనూ, ఆ సన్నని నాళాలనూ కూడా మార్చి అతికించి విజయం సాధించారు. 1980లలో బోస్టన్‌లో కాస్టనేడా మొదలైనవారు ఈ ఆపరేషన్‌ను పుట్టిన కొద్ది రోజుల పిల్లలకే చేయటం మొదలుపెట్టారు. దీన్నే ఇవాళ 'ఆర్టీరియల్ స్విచ్' అంటున్నారు.

కొద్ది రోజుల పిల్లలకే ఎందుకు, కాస్త పెరిగి బలం పుంజుకున్నాక చేయించవచ్చుగా అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఇది తప్పక తెలుసుకోవలసిన సంగతి. తారుమారైన గుండెలో ఎడమ గది ఊపిరితిత్తులకు మాత్రమే నెత్తురు పంపుతుంది. అది తేలిక పని. కాడి మెడమీద పెట్టని ఎద్దు ఎలా బలహీనపడుతుందో, ఆ గది కండరం అలా రోజురోజుకూ పలచబడుతుంది. మూడు నాలుగు వారాలు దాటాక గొట్టాలు మారిస్తే, ఒంటి బరువంతా ఒక్కసారి మీదపడి ఆ గది తట్టుకోలేదు. ఆలస్యమైన పిల్లలకు వేరే మార్గాలు లేకపోలేదు గాని అవి ఇంత సుళువైనవి కావు. కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. ఇరవై ఒకటో రోజు బారసాల అంటాం కదా, ఆ బారసాల నాటికి ఆపరేషన్ అయిపోయి వుండాలి. 'బిడ్డ పెరగనీండి' అన్న మంచి మాటే ఇక్కడ ముప్పు తెస్తుంది.

ఆపరేషన్ గదిలో జరిగేదేమిటో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో వుండే నెత్తురంతా కలిపి పావు లీటరు, అంటే ఒక గ్లాసెడు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రానికి బిడ్డను కలుపుతారు. ఒంటిని చల్లబరుస్తారు. చల్లని మందుతో గుండెను ఆపుతారు. సర్జను భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, వెంట్రుకకన్నా సన్నని దారంతో ఆ నాళాలను కుడతాడు. తర్వాత ఒంటిని వెచ్చబరిస్తే గుండె తిరిగి కొట్టుకుంటుంది. ఇదంతా కొన్ని గంటల పని. బయటికి తెచ్చాక బిడ్డ ఉబ్బి వుంటుంది, ఒంటినిండా గొట్టాలు వుంటాయి. గుండెకు వాపు తగ్గేదాకా ఒకటి రెండు రోజులు రొమ్ము ఎముకను మూయకుండా, పైన పొర కప్పి వుంచటం కూడా కద్దు. చూసి గుండె పగిలిపోకండి. అది ముందుగా అనుకుని చేసేదే.

ఫలితమేమిటంటారా? చికిత్స లేకపోతే ఈ పిల్లల్లో సగంమంది మొదటి నెలలోనే పోతారు, ఏడాది నిండేసరికి పదింట తొమ్మిదిమంది వుండరు. సకాలంలో, అనుభవమున్న చోట ఆపరేషన్ జరిగితే నూటికి తొంభై అయిదుమంది దాకా బతుకుతున్నారు. బడికి పోతున్నారు, ఆటలాడుతున్నారు. చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయిన ఆడపిల్లలు పెద్దవారై డాక్టరు పర్యవేక్షణలో పిల్లల్ని కన్నారు కూడా. రొమ్ముమీద మచ్చ చూసి రేపు పెళ్ళెలాగని పురిటి మంచంమీదే దిగులుపడకండి. ఏటేటా గుండె డాక్టరుకు చూపించటం మాత్రం జీవితాంతం మానకూడదు.

అరుదైన లోపాలన్నిటికీ ఇదే వైద్యం కాదు. ఊపిరితిత్తులనుంచి వచ్చే సిరలు ఎడమవైపుకు కాక కుడివైపుకు చేరటం ఒకటి. ఆ దారి ఇరుకైతే పై మందు పనిచేయదు, ఆ పూటే ఆపరేషన్ చేయాలి. బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోవటం మరొకటి. అందులో నాలుక నీలంగా వుండకపోవచ్చు. అందుకే డాక్టరు బిడ్డ గజ్జల్లో వేళ్ళుపెట్టి నాడి చూస్తారు. ఎడమవైపు గుండె అంతా ఎదగకుండా పుట్టే పిల్లలు కొందరు. వీరికి నార్‌వుడ్ అనే సర్జను 1980ల మొదట్లో దారి చూపారు. పుట్టిన కొద్ది రోజులకు ఒకటి, కొన్ని నెలలకు రెండవది, రెండు మూడేళ్ళకు మూడవది, మొత్తం మూడు ఆపరేషన్లు. అప్పటికీ అది ఒంటి గదితో నడిచే గుండే. అక్కడ ఏం చేయాలన్నది తల్లిదండ్రులిద్దరూ డాక్టరుతో కూర్చుని విడమరచి అడిగి నిర్ణయించుకోవలసిన విషయం.

ఇక మన ఇళ్ళల్లో జరిగే అన్యాయం ఒకటి చెప్పాలి. బిడ్డకు గుండెజబ్బనగానే అందరి చూపూ బాలింత మీద పడుతుంది. గ్రహణంనాడు కదిలిందని, బొప్పాయి తిన్నదని, మేడ మెట్లెక్కిందని. గుండె రూపు దిద్దుకునేది గర్భం వచ్చిన మూడోవారం నుంచి ఎనిమిదో వారంలోపు. నెల తప్పిందని రూఢి చేసుకునేసరికే సగం పని అయిపోయి వుంటుంది. చాలా సందర్భాల్లో కారణం ఫలానా అని ఎవరూ చెప్పలేరు. తెలిసిన కారణాలు కొన్ని వున్నాయి. గర్భానికి ముందునుంచీ అదుపులో లేని చక్కెరవ్యాధి, మొదటి నెలల్లో రుబెల్లా జ్వరం, మూర్ఛకూ మొటిమలకూ వాడే కొన్ని మందులు. దగ్గరి మేనరికాల్లో గుండె లోపాలు కాస్త ఎక్కువ. వీటికి ముందే జాగ్రత్తపడవచ్చు. పుట్టాక తల్లిని ఆడిపోసుకుంటే ఏ రంధ్రమూ పూడదు. బిడ్డను వేరే ఊరు తీసుకుపోయినా, ఆ తల్లికి నిజం చెప్పండి. పాలు పిండి పంపమనండి. ఆపరేషన్ తర్వాత ఆ బిడ్డకు అంతకుమించిన ఆహారం లేదు.

గర్భిణులకు రెండు మాటలు. 18 నుంచి 22 వారాల మధ్య తీసే స్కాన్‌లో గుండెను, దానినుంచి బయలుదేరే రెండు ధమనులను చూశారా అని నోరు విడిచి అడగండి. లోపం ముందే తెలిస్తే, గుండె సర్జన్లున్న ఊళ్ళోనే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. తల్లి కడుపుకన్నా మంచి అంబులెన్సు లేదు. కాన్పు తర్వాత ఇంటికి పంపేముందు, 24 గంటలు నిండిన బిడ్డకు కుడిచేతికీ, ఒక కాలికీ పల్స్ ఆక్సిమీటరు పెట్టి చూడమనండి. 95 లేక అంతకుపైన వుండి, రెంటికీ తేడా 3కు మించకపోతే మంచిది. 90కి తగ్గితే వెంటనే పరీక్షలు జరగాలి. మధ్యలో వుంటే గంట ఆగి మళ్ళీ చూస్తారు. కోవిడ్ రోజుల్లో కొని బీరువాలో పెట్టిన వేలి పరికరం పురిటి బిడ్డకు పనికిరాదు. పసివాళ్ళకు చుట్టే పట్టీ వేరే వుంటుంది. నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. ఈ పరీక్షలో అన్ని లోపాలూ దొరకవు గాని, చాలావరకు దొరుకుతాయి.

డబ్బు ఎక్కడినుంచి తెస్తామని వెనకాడవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ దాని బాటలో నడుస్తున్న పథకాలు పిల్లల గుండె ఆపరేషన్లకు సాయం చేస్తున్నాయి. 2013నుంచి కేంద్రప్రభుత్వపు బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళదాకా పిల్లల గుండె లోపాలను కనిపెట్టి వైద్యానికి పంపుతున్నది. 2021లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానంవారు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచారు. మీ ఆస్పత్రిలో వుండే ఆరోగ్యమిత్రనో, మీ వీధి ఆశా కార్యకర్తనో ముందు అడగండి. కాగితాల పని ఇంట్లో ఒకరు చూసుకోవచ్చు. ఆ లోపల బిడ్డకు మందు ఎక్కుతూ వుండాలి.

ఈ వారంలో మీ ఇంట్లోనో, పక్క వాటాలోనో పురుడు జరిగి వుంటే, చూడటానికి వెళ్ళినప్పుడు బిడ్డ ఆవులించేదాకా ఒక్క నిమిషం ఆగండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో నాలుక చూడండి. గులాబీరంగులో వుంటే నిశ్చింతగా పోలికలు చెప్పుకోవచ్చు. లేకపోతే బాలింతను భయపెట్టకుండా, ఇంట్లో నిర్ణయం తీసుకునేవారిని పక్కకు పిలిచి, ఇప్పుడే ఆస్పత్రికి బయలుదేరమని చెప్పండి.